కుండపెంకుల మీద యూదా

కొండ లోపల రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వస్తున్నారు. ఇంకా మూడు మూరల రాయి ఉందనగా అవతలివాళ్ల కేక ఇవతలికి వినబడింది. చివరికి పలుగుకు పలుగు ఎదురొచ్చింది, నీళ్లు పారాయి. యెరూషలేములో గిహోను ఊటను సిలోయము కోనేటికి కలిపే 533 మీటర్ల సొరంగం గోడ మీద, పాత హీబ్రూ లిపిలో చెక్కిన రాత సారాంశం ఇది. 1880లో బయటపడిన ఆ రాయి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. తవ్వించింది యెరూషలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యపు రాజు హిజ్కియా అని ఎక్కువమంది పండితుల మాట. మిగిలిన రాతలో మాత్రం ఆయన పేరు లేదు! మన శాసనాల్లో అయితే రాజుగారి బిరుదులకే సగం రాయి సరిపోతుంది. ఇక్కడ కూలీల కేకకు చోటు దొరికింది.

బైబిలు ప్రకారం యూదా యాకోబుకు లేయా వల్ల పుట్టిన నాలుగో కొడుకు. అతని సంతానమే యూదా గోత్రం. చరిత్రకారుల్లో కొందరు దీన్ని తిరగేసి చూస్తారు: యూదా ముందు ఒక కొండసీమ పేరు అయ్యుంటుంది, అక్కడి పల్లెల జనానికి అది తర్వాత అంటుకుని ఉంటుంది. యూదా గోత్రంలో పుట్టాడని బైబిలు చెప్పే రాజు దావీదు అసలు ఉన్నాడా అని కూడా ఒకప్పుడు గట్టిగానే వాదించుకున్నారు. 1993లో ఇశ్రాయేలు ఉత్తరాన తేల్ దాన్ అనే పాత ఊరి దిబ్బలో క్రీ.పూ. 9వ శతాబ్దపు అరామిక్ శాసనం ముక్క దొరికింది. అందులో ‘దావీదు ఇల్లు’, అంటే దావీదు వంశం, అనే మాట ఉంది. రాయించింది అభిమాని కాదు, గెలిచానని చాటుకుంటున్న శత్రువు. ఆ సాక్ష్యానికి అంత బరువు అందుకే.

ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం యూదా కంటే పెద్దది, కలిగినది. ముందు కూలింది అదే, క్రీ.పూ. 722 ప్రాంతంలో, అష్షూరు (అస్సీరియా) చేతిలో. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికీ వచ్చాడు. 46 కోట ఊళ్లు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించలేదు.

సుమారు వందేళ్ల తర్వాత బబులోను (బాబిలోన్) సేనలు వచ్చిపడ్డాయి. అప్పటి ఉత్తరాలు కొన్ని 1930ల్లో యూదాలోని లాకీషు కోటలో దొరికాయి. పగిలిన కుండపెంకుల మీద సిరాతో రాసినవి. ‘లాకీషు సంకేత మంటల కోసం చూస్తున్నాం, అజేకా కనబడటం లేదు’ అంటుంది ఒకటి. అజేకా యూదాలోని ఇంకో కోట ఊరు. ఇంకోదాంట్లో ఒక చిన్న అధికారి పైఅధికారి మీద ఉడుక్కుంటాడు. ఉత్తరం చదవడం రాదా అన్నాడట ఆయన. ‘దేవుడి మీద ఒట్టు, నాకెవరూ ఏనాడూ ఉత్తరం చదివిపెట్టలేదు’ అని ఇతని జవాబు. నెత్తిన యుద్ధం పెట్టుకుని కూడా రోషం తగ్గలేదు మనిషికి!

క్రీ.పూ. 587 లేదా 586లో యెరూషలేము, దాని ఆలయం తగలబడ్డాయి. రాజు యెహోయాకీను 597లోనే బందీగా బబులోను వెళ్లాడు. అక్కడి గుమాస్తాల మట్టి పలకల్లో ‘యూదా రాజు’కూ ఐదుగురు కొడుకులకూ కొలిచి ఇచ్చిన నూనె లెక్క ఇంకా ఉంది. రాజ్యం పోయినా బిరుదు పద్దులో మిగిలింది. 572 నాటి మరో పలక అక్కడి ఒక పల్లెనే యూదా పేరుతో పిలుస్తుంది.

తర్వాత పర్షియన్లు వచ్చి, ఆ కొండసీమను ‘యెహూద్’ అనే చిన్న రాష్ట్రంగా ఏలారు. పేరు మాత్రం సీమలోనూ, గోత్రంలోనూ ఇమడలేదు. బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలో మొర్దెకై బెన్యామీను అనే వేరే గోత్రం వాడు. అదే వాక్యం అతన్ని యూదుడు అంటుంది.