అవయవ మార్పిడి తర్వాత ఫంగస్: అపోహలు - వాస్తవాలు

2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ బాధితులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది. అప్పటినుంచి కిడ్నీ, లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఫంగస్ పేరు వింటేనే టెన్షన్. ఆ భయం తప్పని అనను. కాకపోతే భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు, అక్కర్లేని చోట వణుకుతున్నారు.

అపోహ: ఇది ఆసుపత్రిలోనే అంటుకుంటుంది.

అక్కడ రావచ్చు, కానీ అక్కడే రావాలని లేదు. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ బీజాలు కంటికి కనిపించనంత చిన్నవి, 2-3 మైక్రాన్లు. అందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు వాటిని అక్కడికక్కడే చంపేస్తాయి. కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, అంటే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ వాడేవాళ్లలో ఆ కాపలా సన్నగిల్లుతుంది. అందుకే కోకాపేట వైపు టవర్లు లేస్తున్న రోడ్డులో వెళ్లేటప్పుడు ఎన్-95 మాస్క్ పెట్టుకోమని మా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లం చెబుతాం. ఇంట్లో గోడలు పగలగొట్టే పని ఉంటే ఆ నాలుగు రోజులు బంధువుల ఇంటికి వెళ్లడం మేలు. కాండిడా అనే ఇంకో ఫంగస్ సంగతి వేరు. అది మన పేగుల్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండేదే. ఆపరేషన్, సెలైన్ లైన్లు దానికి దారి ఇస్తాయి.

అపోహ: ఏడాది దాటింది, ఇక గండం గడిచినట్టే.

మొదటి ఆరు నెలల్లో ప్రమాదం ఎక్కువన్న మాట నిజమే. రిజెక్షన్‌కు, అంటే ఒళ్లు కొత్త అవయవాన్ని తిరస్కరించినప్పుడు, పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ అయితే తరచుగా ఏడాది తర్వాతే బయటపడుతుంది. పావురాల రెట్టలో అది బాగా పెరుగుతుంది. మన నగరంలో పావురాలకు గింజలు వేయడం పుణ్యమని నమ్మేవాళ్లతో నేను వాదించను. మార్పిడి చేయించుకున్న మనిషి మాత్రం బాల్కనీలో ఎండిన రెట్టను చీపురుతో ఊడవకూడదు, అంతే. ఈ ఫంగస్ మెదడు దాకా పాకవచ్చు, కాబట్టి రోజుల తరబడి తగ్గని తలనొప్పిని సైనస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోవద్దు.

అపోహ: జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు.

స్టెరాయిడ్ జ్వరాన్ని దాచేస్తుంది. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ముఖంలో ఒక పక్క నొప్పి, తిమ్మిరి, ఇవి చాలు మాకు ఫోన్ చేయడానికి.

అపోహ: తామరే కదా, మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకుంటే సరిపోతుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ వంటి మాత్రలు టాక్రోలిమస్‌ను కరిగించే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. దాంతో మోతాదు మారకపోయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతాయి. కష్టపడి పెట్టించుకున్న కిడ్నీ మీదే దెబ్బ పడుతుంది. అందుకే వొరికొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టేటప్పుడు మేమే టాక్రోలిమస్‌ను దాదాపు మూడో వంతుకు తగ్గించి, మధ్యమధ్యలో రక్తంలో దాని లెవెల్ చూస్తుంటాం. రెండో చిక్కు ఎవరికీ తట్టదు. ఫంగస్ మాత్ర ఆపేశాక టాక్రోలిమస్ లెవెల్ పడిపోతుంది. అప్పుడు పాత మోతాదుకు తీసుకురాకపోతే రిజెక్షన్ రావచ్చు. నోట్లో తెల్లపూతకు చప్పరించే క్లోట్రిమజోల్ బిళ్ల కూడా పేగుల్లో ఇదే పని చేస్తుందంటే చాలామంది నమ్మరు. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తప్పులేదు. ఆయన చీటీ రాయకముందే టాక్రోలిమస్ వాడుతున్నానని చెప్పండి.

అపోహ: బ్లాక్ ఫంగస్ నల్లగా ఉంటుంది.

ఫంగస్ నలుపు కాదు. అది రక్తనాళాల్లోకి చొరబడి మూసేస్తే, రక్తం అందక చచ్చిన కండ నల్లబడుతుంది. నలుపు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. షుగర్ అదుపు తప్పితే ఇది ఇంకా రెచ్చిపోతుంది. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ షుగర్ తెప్పించగలవు కాబట్టి, అంతకుముందు షుగర్ లేనివాళ్లూ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. బ్లాక్ ఫంగస్‌కు వొరికొనజోల్ పనిచేయదు. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్‌తో పాటు తరచుగా ఆపరేషన్ కూడా కావాలి.

అపోహ: ఫంగస్ వస్తే రిజెక్షన్ మందులన్నీ ఆపేసి, ఇమ్యూనిటీ పెంచే కషాయం తాగాలి.

మందులు తగ్గించాల్సి రావచ్చు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ చూసుకుంటారు. సొంతంగా ఆపేస్తే ఒంట్లోని అవయవం పోతుంది, ఫంగస్ అలాగే ఉంటుంది. తిప్పతీగ కషాయం జోలికైతే అసలు వెళ్లవద్దు. అది రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందనే అనుమానం ఒకటి, కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు మన దేశంలోనే నమోదైన కేసులు మరొకటి.