వంత పాడినవాళ్ల పేర్లు ఎక్కడ?

‘వంత పాడటం’ ఇప్పుడు తిట్టు అయిపోయింది. పెద్దవాళ్లు ఏదంటే దానికి తలూపేవాణ్ని అలా అంటాం. కానీ బుర్రకథ చూసినవాళ్లకు వంత అంటే ఏమిటో తెలుసు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడికి ఊపిరి తీసుకునే సందిచ్చేది వాళ్లే, జనం కునుకు తీయకుండా చూసేదీ వాళ్లే. కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో చెక్కభజన కూడా అంతే. గురువు తాళాలు పట్టి చరణం ఎత్తుకుంటాడు, చుట్టూ అడుగులేసేవాళ్లు అందుకుంటారు. అందుకునేవాళ్లు లేకపోతే పాట అక్కడే ఆగిపోతుంది. మా పల్లెలో గురువు పేరు ఎంతమందికి తెలుసో, గొంతున్న భజనగాళ్ల పేర్లూ అంతమందికి తెలుసు.

సినిమాలో ఈ వంతకు కోరస్ అని పేరొచ్చింది. పాడినవాళ్ల పేర్లే పోయాయి.

మన వైపు నుంచి కోరస్, ట్రాక్ (పెద్ద గాయకుడి కోసం ముందుగా పాడిపెట్టే పాట) పాడటానికి హైదరాబాద్ బస్సెక్కే పిల్లలు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ‘పాటలో నా గొంతు ఉంది కదా, నాకేం హక్కు ఉంది?’ దీనికి జవాబు చెప్పాలంటే మద్రాసు నుంచి మొదలుపెట్టాలి.

మద్రాసు మనకు దూరం కాదు. గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప, రాజంపేట మీదుగా రైలు నేరుగా అక్కడికే పోతుంది. విజయా-వాహినీ స్టూడియోలు నడిపిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా. ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. అప్పటి రికార్డింగులో వాద్యాలు, గాయకులు, కోరస్ అంతా ఒకేసారి, ఒకే టేకులో. కోరస్‌లో ఒక్క గొంతు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. ఎంత టెన్షన్ ఉండేదో ఊహించుకోవచ్చు. స్వరం చెప్పగానే పట్టేసేవాళ్లే ఆ పనికి నిలబడేవాళ్లు. అంత పనితనం ఉన్నవాళ్లను ‘గుంపు’ అని తీసిపారేయడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది. ఎల్.ఆర్. ఈశ్వరి తల్లి కోరస్ గాయని. ఈశ్వరి కూడా కోరస్‌లో పాడుతూనే పైకొచ్చారు. అలా ముందుకు రాగలిగినవాళ్లు కొద్దిమందే.

సంఘం పెట్టుకోవాలన్న ఆలోచన కూడా అక్కడే మొలిచింది. మద్రాసులో సినీ సంగీత కళాకారుల యూనియన్ కట్టడానికి ముందు నిలిచిన ఎం.బి. శ్రీనివాసన్ చిత్తూరులో పుట్టినవాడు. బృందగానం మీద ఆయనకు ఎంత ప్రేమంటే, మద్రాస్ యూత్ కోయిర్ అని ఒక బృందాన్నే నిలబెట్టాడు.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. పరిశ్రమ మెల్లగా హైదరాబాద్‌కు తరలింది. కడప రైలు దారికి ఉన్న విలువ తగ్గి, కర్నూలు బస్సు దారికి పెరిగింది. రెండోది మల్టీట్రాక్. ఎవరి భాగం వాళ్లు విడిగా పాడి వెళ్లొచ్చు. నలుగురి గొంతులను నాలుగుసార్లు పేర్చితే పదహారుమంది పాడినట్టు వినిపిస్తుంది. పదహారుమందికి దొరికే పని నలుగురికి మిగిలింది.

ట్రాక్ సింగర్ కష్టం ఇంకో రకం. బాణీ కుదిరాక ముందు వాళ్లతో పాడిస్తారు. పెద్ద గాయకుడు వచ్చి, ఆ ట్రాక్ విని, నేర్చుకుని పాడతాడు. ట్రాక్ గొంతు చెరిపేస్తారు. ఎప్పుడో ఒకసారి ‘ఇదే బాగుంది, ఉంచేద్దాం’ అంటారు. ఆ ఒక్కమాట కోసం ఏళ్ల తరబడి గది అద్దెలు కట్టుకుంటూ ఉంటారు.

ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టంలో మొదట పాడేవాళ్లకు హక్కే లేదు. 1994 సవరణలో ప్రదర్శకుల హక్కు వచ్చింది. కానీ సినిమాలో పాడటానికి ఒప్పుకుంటే ఆ పాట మీద ఆ హక్కు వర్తించదనే మెలిక పెట్టారు. 2012 సవరణ దాన్ని విప్పింది. సినిమా కోసం పాడినా, వాణిజ్యంగా వాడుకున్నప్పుడు గాయకులకు రాయల్టీ రావాలంది. మరుసటి ఏడాదే గాయకుల రాయల్టీ సంఘం ‘ఇస్రా’ రిజిస్టర్ అయింది.

అదే 2012 సవరణ ‘ప్రదర్శకుడు’ అనే నిర్వచనానికి ఒక షరతు తగిలించింది. కోరస్ పిల్లలు తెలుసుకోవలసింది దీన్నే. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదో ఆనుషంగికమైనదో (అంటే అసలుదానికి పక్కన వచ్చేదో) అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా వాళ్ల పేరు వేయకపోతే, వాళ్లు ప్రదర్శకులే కారు. వాళ్లకు మిగిలేది, తమ ప్రదర్శనను వక్రీకరించి పరువు తీస్తే అడ్డుకునే, నష్టపరిహారం అడిగే హక్కు ఒక్కటే. రాయల్టీ ఉండదు, పేరు వేయమని అడిగే హక్కూ ఉండదు. పేరు వేయకపోవడం మొదట నిర్లక్ష్యం. అది ఆనవాయితీ అయింది. ఆ ఆనవాయితీనే చట్టం కొలబద్దగా పెట్టుకుంది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పల్లవిని మోసే కోరస్‌ను ‘ఆనుషంగికం’ అనొచ్చా అన్నది వాదించదగ్గ విషయమే. అయితే ఆ వాదనకు లాయరు కావాలి, మళ్లీ పిలుస్తారో లేదో అన్న భయమూ పోవాలి. ఈ రెండూ అందుబాటులో లేనివాళ్లు ఆ షరతులో ‘ఎక్కడా’ అన్న మాటను పట్టుకోవచ్చు. టైటిల్స్‌లోనే ఉండాలని అది అనలేదు. ఈమధ్య ఆడియో కంపెనీలు యూట్యూబ్‌లో పాట కింద ‘కోరస్’ అని రాసి పేర్లు పెడుతున్నాయి. అక్కడ పడిన పేరు కూడా పేరే అని నా అభిప్రాయం. అందుకే స్టూడియోలో పని ముగిసి, డబ్బులు చేతికొచ్చేలోపే, పాట కింద పేరు వేయమని అడగండి. పేరు, ఇంటిపేరు అక్షరాలు తప్పకుండా రాసివ్వండి. పాట విడుదలైన రోజే ఆ పేజీని ఫొటో తీసి దాచుకోండి.