డీవీడీకి వెంట్రుక లెక్క పనికిరాదు: ఇంట్లో లేజర్ కొలతల మీద అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చెప్తాను. ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఒకే కంప్లైంట్: "మేడమ్, నా లేజర్ పాడైనట్టుంది." మొన్న ఒకమ్మాయి దాదాపు ఏడుస్తూ వచ్చింది. డీవీడీ మీద లేజర్ వేసి, పక్కకు పడే చుక్కల దూరాన్ని బట్టి ట్రాకుల (డిస్కు మీది సన్నని గీతల) మధ్య దూరం లెక్కగడితే 740 నానోమీటర్లు రావాలి, తనకేమో 356 వస్తోంది. మూడు డిస్కులు మార్చింది, రెండో లేజర్ కొంది, నకిలీ డీవీడీల్లో గీతలు దగ్గరగా ఉంటాయని ఎవరో చెబితే నమ్మింది. దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి. ఏ కంపెనీ డిస్కయినా ప్లేయర్ చదవాలంటే ట్రాకులు ఆ దూరంలోనే ఉండాలి.

అపోహ: వివర్తనం (సన్నని వస్తువులు, గీతల దగ్గర కాంతి పక్కలకు విస్తరించడం) ఏదైనా ఫార్ములా ఒకటే.

ఇంటర్ రెండో ఏడాదిలో జంట చీలికల పాఠం దగ్గర "లాంబ్డా క్యాపిటల్ డి బై స్మాల్ డి" అని, అంటే కాంతి తరంగదైర్ఘ్యాన్ని తెర దూరంతో గుణించి చీలికల మధ్య దూరంతో భాగించమని, బట్టీ పట్టిస్తాం. అది చిన్న కోణాలకు మాత్రమే అన్న ముక్క పరీక్షలో రాదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. వెంట్రుకకు ఆ ఫార్ములా చక్కగా సరిపోతుంది. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎర్ర లేజర్ దారిలో 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) వెంట్రుక పెట్టి, 2 మీటర్ల దూరంలో గోడ మీద చూస్తే, మధ్య వెలుగుకు అటూ ఇటూ ఉండే మొదటి చీకటి చోట్ల మధ్య 3.7 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో సగమే లెక్కలో వేయాలి, మొత్తం వేస్తే వెంట్రుక సగం మందమే వస్తుంది. అసలు లెక్కలో ఉండాల్సింది కోణం సైన్, ఈ ఫార్ములా వేసేది టాన్. ఇక్కడ కోణం అర డిగ్రీ, అందుకే సైన్ వేసినా టాన్ వేసినా తేడా తెలియదు.

సీడీ దగ్గరికి రాగానే కోణం 24 డిగ్రీలవుతుంది. అదే ఫార్ములా వేస్తే 1.6 మైక్రాన్లు రావలసిన చోట 1.46 వస్తుంది, ప్రయోగ దోషంలే అని సరిపెట్టుకుంటారు. డీవీడీకి కోణం 61 డిగ్రీలు, అక్కడ జవాబు సగానికి సగం పడిపోతుంది.

ఆ అమ్మాయి భయపడి రికార్డులో అంకెలు మార్చి రాసేసింది. అసలు రీడింగులు ఏవమ్మా అని అడిగితే రఫ్ నోట్సు చివరి పేజీ తీసింది. రంధ్రం చేసిన అట్ట, అందులోంచి లేజర్, 20 సెంటీమీటర్ల దూరంలో డిస్కు, తిరిగొచ్చిన మధ్య చుక్క సరిగ్గా రంధ్రం మీదే పడేలా నిలిపింది, ఎంత ఓపికో! మొదటి చుక్క 36.5 సెంటీమీటర్ల దూరంలో పడింది. 20, 36.5 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజానికి కర్ణం కట్టాం, 41.6. 36.5ని 41.6తో భాగిస్తే సైన్ విలువ 0.877. 650ని దానితో భాగిస్తే 741. కొలత మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది, భాగహారమే తప్పు. మీకూ ఇలాగే వస్తే కొత్త లేజర్ కొనకండి, టేపుతో కొలిచిన రెండు అంకెలతో ముందు కర్ణం కట్టండి. రీడింగులు మాత్రం వండకండి.

మిగతావి గబగబా చెప్తాను. గీతలు దగ్గరగా ఉంటే చుక్కలూ దగ్గరవుతాయనుకుంటారు. కాదు, దూరమవుతాయి. లేజర్ మీద ఉన్న స్టిక్కర్‌లో 650 అని ఉంటే కచ్చితంగా 650 అనుకోకండి, చవక లేజర్లలో పది, ఇరవై నానోమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు.

అపోహ: చిన్న లేజరే కదా, కంటికేం కాదు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. డిస్కు అంటే అద్దమే, కిరణం ఎటు తిరిగొస్తుందో ముందే చూసుకుని, మీ కళ్లు ఆ ఎత్తులో లేకుండా పెట్టుకోండి. చవక ఆకుపచ్చ లేజర్ల నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా బయటికి రావచ్చు.

బ్లూ-రే డిస్కు మీద ఎర్ర లేజర్ వేస్తే పక్క చుక్కలే రావు, డిస్కు పాడైందని టెన్షన్ పడకండి. ట్రాకుల మధ్య 320 నానోమీటర్లే, డిస్కును ఎంత ఏటవాలుగా పెట్టినా 650 నానోమీటర్ల కాంతికి ఆ దూరం చాలదు. 405 నానోమీటర్ల ఊదా లేజర్‌తో ఏటవాలుగా వేస్తే వస్తాయి. కానీ ఆ రంగు మన కంటికి మసకగా కనిపిస్తుంది కాబట్టి అసలు శక్తి ఎంతో తెలియదు. అది ఇంట్లో వద్దు, ల్యాబుకి రండి, కలిసి చేద్దాం.