పెరట్లో ఉడుత విన్యాసం ఫోటోకి ఎందుకు చిక్కదు? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటే దొరికేదే.

వాస్తవం: పిల్లి కాలుజారి తొట్టిలో పడటం, ఉడుత గింజ కోసం తలకిందులుగా వేలాడటం, ఇవన్నీ రెండు మూడు సెకన్ల ముచ్చట. కెమెరాను బ్యాగులోంచి తీసి, మూత ఊడదీసి, ఆన్ చేసేలోపే ఆ కాస్తా అయిపోతుంది. కాబట్టి కెమెరా ఉండాల్సింది కిటికీ పక్కన బల్ల మీద. లెన్స్ మూత తీసేసి హుడ్ (లెన్స్ ముందు చుట్టూ ఉండే తొడుగు) మాత్రం ఉంచండి. ఆటో పవర్ ఆఫ్‌ను ఐదు నిమిషాలకు పెంచండి. కార్డులో చోటు ఉందో లేదో ఉదయమే చూసుకోండి. ఫోన్‌తో తీసేవాళ్లు ఐకాన్ వెతుక్కోనక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో లాక్ స్క్రీన్‌ను ఎడమవైపుకి జరిపితే చాలు.

అపోహ: ఆటో మోడ్‌లో పెడితే అన్నీ అదే చూసుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ ఫోటోలు పాడయ్యేది ఇక్కడే. చెట్టు నీడలో ఆటో మోడ్ షట్టర్ వేగాన్ని (వెలుగు కోసం షట్టర్ ఎంతసేపు తెరుచుకుంటుందన్నది) 1/125 సెకనుకో, ఇంకా కిందికో దించేస్తుంది. కూర్చున్న ఉడుతకు అది సరిపోతుంది, దూకే ఉడుత మాత్రం చారలా సాగిపోతుంది. షట్టర్ ప్రయారిటీలో, అంటే షట్టర్ వేగాన్ని మీరే ఎంచుకునే మోడ్‌లో, 1/1000 పెట్టండి, ఎగిరే పక్షికైతే 1/2000. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో, గరిష్ఠం 6400. ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలేదాన్ని వెంటాడేలా), డ్రైవ్ బర్స్ట్‌లో (వరసగా ఫోటోలు తీసేలా) ఉండాలి. మీ కెమెరాలో సీ1 లాంటి కస్టమ్ మోడ్ ఉంటే ఇదంతా అందులో దాచేయండి. ఐఎస్ఓ పెరిగితే ఫోటోలో గరుకు (చుక్కచుక్కలు) వస్తుందని భయపడకండి. గరుకును తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన బొమ్మను ఎవరూ బాగుచేయలేరు.

అపోహ: బర్స్ట్ నొక్కి పట్టుకుంటే అసలు క్షణం తప్పిపోదు.

వాస్తవం: కళ్లు చూసి వేలు కదిలేసరికి దాదాపు పావు సెకను పోతుంది. ఫోకస్ వెతుక్కోవడానికి కెమెరా ఇంకాస్త తీసుకుంటుంది. దూకింది చూసి నొక్కితే దొరికేది ఊగుతున్న కొమ్మే. దూకబోతోందని చూసి నొక్కాలి. పిల్లి ఉరకబోయే ముందు పొట్టను నేలకు ఆనించి వెనుక భాగాన్ని అటూ ఇటూ ఊపుతుంది. ఉడుత దూరం అంచనా వేసుకుంటూ తలను పైకీ కిందికీ ఆడిస్తుంది, ఆపైన వెనక్కాళ్లు ముడుస్తుంది. పక్షి ముందుకు వంగి ఒంటిని కుదించుకుంటుంది, చాలాసార్లు రెట్ట కూడా వేస్తుంది. ఆ గుర్తు కనపడగానే బర్స్ట్ మొదలవ్వాలి. అలాగని నిమిషాల తరబడి నొక్కి ఉంచితే బఫర్ (కార్డుకి చేరేముందు ఫోటోలు ఆగే మెమరీ) నిండి, సరిగ్గా అసలు సమయానికి కెమెరా మొరాయిస్తుంది. కొన్ని కెమెరాల్లో ప్రీ-క్యాప్చర్ ఉంటుంది. బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కకముందరి ఫ్రేములు (ఫోటోలు) కూడా మిగులుతాయి. ఉంటే తప్పకుండా వాడండి. ఐఫోన్ లైవ్ ఫోటో కూడా నొక్కడానికి ముందు 1.5 సెకన్లు దాచిపెడుతుంది.

అపోహ: వీడియో తీసి అందులోంచి ఫ్రేము తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ఇది సగం నిజం. 4కే ఫ్రేము 3840×2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు. నలుగురికీ పంపడానికి, చిన్న ప్రింటుకు ఢోకా లేదు. అయితే వీడియోకు మామూలుగా పెట్టే 1/50 షట్టర్‌తో కదిలే ప్రతిదీ మసకే. ఫ్రేము కోసమే తీస్తున్నప్పుడు 1/500 దాటించండి. వీడియో కాస్త కుదుపుగా కనిపిస్తుంది, ఫ్రేము మాత్రం నిలుస్తుంది.

అపోహ: తలుపు తీసి దగ్గరికి వెళ్తేనే బాగా వస్తుంది.

వాస్తవం: తలుపు చప్పుడుతోనే ఆట ఆగిపోతుంది. అద్దంలోంచే తీయండి. గదిలో లైటు, కెమెరా ఫ్లాష్ రెండూ ఆపి, లెన్స్‌ను అద్దానికి దాదాపు ఆనించండి. చెయ్యి నెమ్మదిగా ఎత్తండి, జంతువులు ముందు పసిగట్టేది కదలికనే.

అపోహ: పోయిన క్షణం మళ్లీ రాదు.

వాస్తవం: అచ్చంగా అదే రాకపోవచ్చు. కానీ ఉడుతలు తమకు అలవాటైన కొమ్మలు, గోడల మీదుగానే తిరుగుతుంటాయి. అవి వచ్చే వేళ రెండు మూడు రోజులు రాసుకోండి. ఆ వేళకు దూకే కొమ్మ చివర మీద ముందే ఫోకస్ పట్టి, అది మారకుండా ఫోకస్‌ను మాన్యువల్‌కి మార్చి, బటన్ మీద వేలుంచి కూర్చోండి.