లినక్స్ ఇంటికి వచ్చిన వంటవాడు

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయిందనీ, విండోస్ 11 వేద్దామంటే మన కంప్యూటరులోని ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరును చూసి అది ససేమిరా అంటోందనీ, అందుకని సంక్రాంతి సెలవుల్లో మీ నాన్న దానిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేస్తానంటున్నాడనీ రాశారు. ఉత్తరం చివర అసలు ప్రశ్న వేశారు: "లినక్స్ వేస్తే మా ఆటలన్నీ పోతాయా తాతయ్యా?" పదిహేనేళ్ళ క్రితం అడిగి ఉంటే, "చాలావరకు పోతాయి, పుస్తకాలు చదువుకోండి" అని ఒక కార్డు ముక్క రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు జవాబు కార్డులో పట్టదు.

ఆట తనంతట తాను నడవదు. "ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, ఇప్పుడు ఏ మీట నొక్కారో చెప్పు, ఈ బొమ్మ తెర మీద గీయి" అని, కంప్యూటరు పనులన్నీ చేయించే ఆపరేటింగ్ సిస్టంను అనుక్షణం అడుగుతూనే ఉంటుంది. విండోస్ కోసం రాసిన ఆట ఆ కోరికలను విండోస్ పద్ధతిలోనే అడుగుతుంది. లినక్స్‌లోనూ ఫైళ్ళున్నాయి, శబ్దముంది, తెర ఉంది. కాని పేర్లు వేరు, చోట్లు వేరు, అడగవలసిన తీరు వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇది మీకు బోధపడాలంటే మా అక్క పెళ్ళి సంగతి చెప్పాలి. మా మేనత్త గారింట్లో ఏళ్ళ తరబడి వండిన వంటవాడొకాయన ఆ పెళ్ళికి మా ఊరు వచ్చాడు. ఆయన చేతి వంట అమృతమే గాని, సరుకును పేరు పెట్టి అడిగే అలవాటు ఆయనకు లేదు. మేనత్త గారి ఉగ్రాణంలో ఏది ఎక్కడ ఉండేదో, ఆ చోటు చెప్పి అడిగేవాడు. పొయ్యి దగ్గర నిలబడి, తలైనా తిప్పకుండా, "కుడిగోడ కింద రెండో బానలోంచి ఒక శేరు పట్రండి" అని కేక వేసేవాడు. అక్కడ ఆ బానలో ఉండేది చింతపండు. మా ఇంట్లో అదే చోట ఉప్పు ఉంది. ఉగ్రాణం తాళం మా బాబాయి చేతిలో ఉండేది. ఆయన మేనత్త గారి ఉగ్రాణంలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. చుట్టంగా వెళ్ళినప్పుడల్లా వసారాలో కూర్చుని, ఏ కేకకు ఏ సరుకు బయటికి వస్తోందో చూసి గుర్తు పెట్టుకున్నాడు, అంతే. కేక వినబడగానే మా అటక మీది జాడీలోంచి చింతపండు తీసి, నా చేతికిచ్చి, "పరుగెత్తరా" అనేవాడు. నేను పరుగెత్తే దారిలోనే అరిసెలు ఆరబెట్టిన చాప ఒకటి ఉండేది. ఆ రోజుల్లో నేను తిన్న అరిసెల సంగతి మీ నాన్నమ్మతో అనకండి. వంటవాడు మాత్రం తాను పరాయి ఇంట్లో వండుతున్నానన్న ధ్యాసే లేకుండా వండాడు. పులిహోర అచ్చంగా మేనత్త గారింటి పులిహోరే.

మా బాబాయి చేసిన పనిని లినక్స్‌లో చేసే సాఫ్ట్‌వేరు పేరు వైన్. అది 1993లో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి అలెగ్జాండర్ జూలియార్ అనే ఆయన దాన్ని నడిపిస్తున్నారు. మైక్రోసాఫ్ట్ తన లోపలి కోడు బయటివాళ్ళకు చూపించదు కనుక, వైన్ రాసినవాళ్ళు కూడా వసారాలో కూర్చున్న చుట్టాల్లాగానే, ఆ సంస్థ ప్రకటించిన పత్రాలు చదువుతూ, ఏ కోరికకు ఏ జవాబు వస్తోందో పరీక్షించి చూస్తూ, ఒక్కొక్క జాడీనే గుర్తుపట్టుకుంటూ వచ్చారు. దాని 1.0 సంచిక వెలువడింది 2008 జూన్‌లో. అంటే 15 ఏళ్ళు! ఒక లెక్క తప్పితే పెన్సిలు విసిరికొట్టే మనవడు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బాబాయి మా పెరట్లో మేనత్త గారి ఇంటిని మళ్ళీ కట్టలేదు. వంటవాడి చేతులు వంటవాడివే, గరిటె ఆయనదే. అలాగే, ఆట చేసుకునే లెక్కలను ప్రాసెసరు నేరుగా చేసేస్తుంది. ఆపరేటింగ్ సిస్టంను అడిగే కోరికలను మాత్రమే వైన్ అందుకుంటుంది. అందువల్లనే వేగం పెద్దగా తగ్గదు.

అంత శ్రమ ఎందుకు, వంటవాడికే మా ఉగ్రాణం నేర్పవచ్చు కదా అని మనవరాలు అడుగుతుంది. ఆ ప్రయత్నమూ జరిగింది. 1998లో లోకీ అనే అమెరికా సంస్థ, విండోస్ ఆటలను వాటి యజమానుల అనుమతితో లినక్స్ కోసం తిరిగి తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. 2002 జనవరిలో మూతపడింది. లినక్స్‌లో ఆడేవాళ్ళు తక్కువ కనుక ఆటలు చేసేవాళ్ళు రారు, ఆటలు లేవు కనుక ఆడేవాళ్ళు రారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్న సామెత మీరు వినే ఉంటారు.

ఆ ముడి విప్పడానికి పూనుకున్నది, మీరు ఆటలు కొనుక్కునే స్టీమ్ అనే ఇంటర్నెట్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ. ఔదార్యంతో పూనుకున్నదని నేను అనను. విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ తన సొంత దుకాణాన్ని విండోస్‌లోనే పెట్టబోతుంటే, ఒకప్పుడు అదే మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన వాల్వ్ అధిపతి గేబ్ నెవెల్, 2012 జులైలో, విండోస్ 8 పీసీ రంగంలో ఉన్నవారందరికీ విపత్తు అన్నారు. తన వ్యాపారమంతా ఇంకొకరి దయ మీద ఆధారపడి ఉందన్న భయం ఆయనది. వ్యాపారి భయం వల్ల కూడా ఒక్కోసారి లోకానికి మేలు జరుగుతుంది. 2013 ఫిబ్రవరి 14న లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్ల పేరుతో లినక్స్ ఆటపెట్టెలూ వచ్చాయి, కాని వాటిలో ఆడదగిన ఆటలు తక్కువ కావడంతో చతికిలబడ్డాయి. అప్పుడు వాల్వ్ దారి మార్చింది. లినక్స్‌కు ఆటలు రాయండని అందరినీ బతిమాలడం కంటే, బాబాయికి జీతమిచ్చి పెట్టుకోవడం మేలని గ్రహించి, వైన్‌ను ఆటలకు తగినట్లు తీర్చిదిద్ది, 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే పేరుతో స్టీమ్‌లోనే అమర్చింది.

పొయ్యి సంగతి చెప్పడం మరిచాను. మేనత్త గారింట్లో కట్టెలు పెట్టే గాడిపొయ్యి. మా ఇంట్లో పెద్ద బొగ్గుల పొయ్యిలు. మంట తగ్గాలంటే వంటవాడు "రెండు కట్టెలు లాగు" అంటాడు. లాగడానికి కట్టెలేవీ? బాబాయి పక్కనే నిలబడ్డ పాలేరు ఆ మాట వినగానే పొయ్యి కింది తలుపు కొంచెం మూసేవాడు. ఆటల్లో ఈ మంటే గ్రాఫిక్స్. విండోస్ ఆటలు బొమ్మలు గీయమని డైరెక్ట్3డీ అనే పద్ధతిలో అడుగుతాయి. లినక్స్‌లో ఆ పని చేసేది, 2016లో వచ్చిన వల్కన్ అనే పద్ధతి. మొదటి పద్ధతిలోని ఆజ్ఞలను సెకనుకు వేల సంఖ్యలో రెండో పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకే అనే సాఫ్ట్‌వేరును ఫిలిప్ రెబోలె అనే ఆయన తనకు నచ్చిన ఒక ఆటను లినక్స్‌లో ఆడుకోవాలన్న కోరికతో మొదలుపెట్టారు. తరువాత వాల్వ్ ఆయనకు ఊతమిచ్చింది. ప్రోటాన్‌కు ప్రాణం అదే. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ 2022 ఫిబ్రవరిలో బయటికి వచ్చినప్పుడు, దానిలో ఉన్నది లినక్సేనని తెలియకుండానే ఎందరో దానిపై విండోస్ ఆటలు ఆడారు. స్టీమ్ తన వినియోగదారులపై నెలనెలా జరిపే సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో మొదటిసారి 3 శాతం దాటింది. నూటికి ముగ్గురే కదా అని నవ్వకండి, నేను చాలా ఏళ్ళు ఒక్కరిని కూడా చూడలేదు.

ఇక చేదు మాట. వంటవాడి వెంట నెయ్యి దొంగతనం కాకుండా చూడటానికి మేనత్త గారి గుమాస్తా కూడా వచ్చాడనుకోండి. ఉగ్రాణం లోపలి గదిలో, తాళాల పక్కనే కూర్చుంటే తప్ప ఒప్పుకోనంటాడు. అది మేనత్త గారి ఇల్లు కాదని పసిగట్టగానే వంటవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిపోతాడు. నలుగురూ కలిసి ఆడే పోటీ ఆటల్లో మోసగాళ్ళను పట్టే సాఫ్ట్‌వేరు ఇలాంటి గుమాస్తాయే. కొందరు గుమాస్తాలు 2021 నుంచి, ఆట యజమాని ఒప్పుకుంటే, లినక్స్ వసారాలో కూర్చోవడానికి సరేనన్నారు. వాలొరెంట్ గుమాస్తా మాత్రం విండోస్ గర్భగుడిలోనే కూర్చుంటాడు. కనుక మనవడా, ఆ ఆట నీకు లేదు. ఫోర్ట్‌నైట్ కూడా లేదు. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్ళు లినక్స్‌వాళ్ళను రానిచ్చి, మోసాలు పెరిగాయన్న కారణంతో 2024లో తలుపు వేసింది. వాళ్ళ వాదనలో పస లేదని చెప్పలేను: లినక్స్‌లో ఇంటివాడు ఏ గోడనైనా మార్చి కట్టుకోగలడు, దొంగకూ అదే వీలు. అయినా గెలుపు కోసం మోసం చేసే పిల్లలే లేకపోతే ఈ గుమాస్తాలతో పనేముంది? కౌంటర్-స్ట్రైక్ 2 లినక్స్‌లో నేరుగా ఆడుతుంది, దానితో సరిపెట్టుకో. మనవరాలు తోట పెంచుకునే ఆట స్టార్‌డ్యూ వ్యాలీకి లినక్స్ సంచిక సిద్ధంగానే ఉంది కాబట్టి ఆమె తోటకు ఏ బెంగా లేదు. మిగిలిన ఆటలను కొనే ముందు, ఆడినవాళ్ళ అనుభవాలు పోగుచేసిన ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైటులో ఒక్కొక్కటిగా చూసుకోండి.

మీ నాన్న డిస్కు చెరిపే ముందు, మన ఫోటోలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాడో లేదో మీరే స్వయంగా తెరిచి చూడండి. లినక్స్ వేసి, స్టీమ్ పెట్టి, విండోస్ ఆట ఏదైనా ఒకటి ఒకసారి నడిపిన తరువాత, స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డరులో కంపాట్‌డేటా, దానిలో అంకె పేరుతో ఉన్న ఫోల్డరు, దానిలో పీఎఫ్ఎక్స్, దానిలో డ్రైవ్_సి, ఈ వరుసలో తెరుచుకుంటూ వెళ్ళండి. విండోస్ ఎక్కడా లేని ఆ యంత్రంలో మీకు "విండోస్" అని ఒక ఫోల్డరూ, దాని లోపల, విండోస్ తన ముఖ్యమైన ఫైళ్ళు దాచుకునే ఉగ్రాణం పేరైన సిస్టమ్32 అని ఇంకొకటీ కనబడతాయి. ఎవరెవరో, ఏయే దేశాల్లోనో కూర్చుని పేర్చిన జాడీలవి. అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, ఎందుకో వివరించబోను. మీ నాన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలైన సిస్టమ్32 ఉంటుంది. ఆయన్ను అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని, రెండిట్లోనూ ఒకే పేరుతో ఉన్న ఫైళ్ళు ఏవో, ఒకదానిలోనే ఉన్నవి ఏవో చూసి, ఓ పది పేర్లు నాకు రాసి పంపండి.

మీ
తాతయ్య