కారు సస్పెన్షన్ సొంతంగా మార్చుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

సస్పెన్షన్ పనే నా వృత్తి. అయినా ఇంట్లో చేసుకుంటామని అడిగేవాళ్లను వద్దనను. పానా తిప్పడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. బండి బరువు ఇప్పుడు దేని మీద ఉంది, ఈ నట్టు విప్పితే దేని మీదకు పోతుంది అని ఆలోచించే అలవాటుకే టైమ్ పడుతుంది. నేను తరచూ వినే అపోహల్లో చాలావరకు ఆ అలవాటు లేకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: బండి ఒకవైపు కుంగిందంటే షాక్ అబ్జార్బర్ పోయినట్టే.

బండిని మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా ఆపుతుంది, అంతే. లోపల పిస్టన్ సన్నని రంధ్రాల గుండా ఆయిల్‌ను నెడుతుంది, ఊపు కాస్తా వేడిగా మారి పోతుంది. కాబట్టి ఒక మూల కిందికి దిగితే ముందు టార్చి వేసి స్ప్రింగు అడుగు చుట్టు చూడండి. చాలాసార్లు అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క స్ప్రింగు కూర్చునే కింది కప్పులోనే కదలకుండా ఉండిపోతుంది కాబట్టి పైపైన చూస్తే దొరకదు.

అపోహ: బానెట్ మూల నొక్కి వదిలితే షాక్ అబ్జార్బర్ సంగతి తెలిసిపోతుంది.

పూర్తిగా చచ్చిపోయినదైతే తెలుస్తుంది. సగం పోయినది ఈ పరీక్షలో దర్జాగా పాసవుతుంది. చేత్తో నొక్కితే పిస్టన్ మెల్లగా కదులుతుంది, గుంతలో పడినప్పుడు దాని వేగమే వేరు. దీనికన్నా టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ తడమడం మేలు. రబ్బరు అక్కడక్కడా గుంటలుగా అరిగి ఉంటే అనుమానించాలి. షాక్ అబ్జార్బర్ సీలు దగ్గర పలుచని ఆయిల్ తేమ ఉంటే భయపడక్కర్లేదు. ఒంటి నిండా ఆయిల్ కారి, దానిమీద దుమ్ము పేరుకుంటే మాత్రం మార్చాల్సిందే.

అపోహ: ముందు నుంచి టక్ టక్ అంటే షాక్ అబ్జార్బర్ల శబ్దమే.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రెండు స్ట్రట్‌లూ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగాలు) మార్చాక కూడా శబ్దం అలాగే ఉందని వచ్చే బండ్లలో ముందు నేను చూసేది లింక్ రాడ్, అంటే స్టెబిలైజర్ బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ. నెమ్మదిగా వెళ్తుంటే చిన్న చిన్న ఎత్తుపల్లాలకు లడలడమంటే అనుమానం దాని మీదే. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు ఎగిరినట్టు ‘టంగ్’ మంటే స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ చూడాలి. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి ‘డబ్’ మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందినుంచి చట్రానికి కలిపే చేయి) బుష్, అంటే దాని కీలులోని రబ్బరు ముక్క చూడాలి.

పరీక్షించేటప్పుడు కూడా బరువు సంగతి మరవకూడదు. ఒక్క చక్రాన్నే ఎత్తితే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) మెలిపడి లింక్ రాడ్‌ను బిగపట్టేస్తుంది, లూజు ఉన్నా తెలియదు. ముందు చక్రాలు రెండూ నేల మీద ఉండగానే చేత్తో పట్టుకుని ఊపి చూడండి. మార్చేటప్పుడు కూడా రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటే బోల్టు దానంతట అదే రంధ్రంలోకి వస్తుంది. లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు కీలు, అంటే బాల్ జాయింట్ విషయంలో ఇది తలకిందులు. స్ట్రట్ ఉన్న బండిలో చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడే, లోయర్ ఆర్మ్‌ను ప్రై బార్‌తో (మీటే ఇనుప కడ్డీతో) కదిపితే దాని లూజు బయటపడుతుంది.

అపోహ: కొత్త బుష్ ఎక్కించి, బోల్టు గట్టిగా బిగిస్తే పనైపోయినట్టే.

కొత్త బుష్ కొన్ని నెలలకే చిరిగిందని చాలామంది కంపెనీని తిట్టుకుంటారు. తప్పు చాలాసార్లు బిగించిన తీరులో ఉంటుంది. మామూలు రబ్బరు బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం చట్రానికి కరుచుకుంటుంది, ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మెలిపడేది రబ్బరే.

చక్రం గాలిలో వేలాడుతుంటే ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. అప్పుడే బిగించేస్తే రబ్బరుకు అదే సహజ స్థితి అవుతుంది. బండిని కిందికి దించగానే రబ్బరు తడిబట్టను పిండినట్టు మెలిపడి, బండి ఊరికే నిలబడి ఉన్నా అలాగే ఉండిపోతుంది. మీద గుంతలు కూడా తోడైతే చిరగక ఏమవుతుంది?

కాబట్టి పని మొదలుపెట్టే ముందే, బండి సమతలంలో నిలబడి ఉండగా, చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనుండే మడ్‌గార్డ్) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పార్టులు ఎక్కించేటప్పుడు బోల్టులు పట్టీ పట్టనట్టు ఉంచండి. బండి బరువు జాక్ స్టాండ్ల మీదే ఉంచి, నకిల్ (చక్రం బిగించి ఉండే ఇనుప భాగం) కింద జాక్ పెట్టి మెల్లగా లేపి, అదే కొలత వచ్చాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) బిగించండి. ఆ కొలత వచ్చేలోపే బండి స్టాండు మీంచి లేస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి. అప్పుడు చక్రాలు తొడిగి, ర్యాంపుల మీదకు ఎక్కించి బిగించడమే మంచిది.

ఇంకొకటి, బుష్ సులువుగా దూరాలని మామూలు గ్రీజు పూయకండి. పెట్రోలియం గ్రీజుకు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లు చాలు.

అపోహ: స్ట్రట్ విప్పాలంటే పైన మధ్యలో ఉన్న పెద్ద నట్టు ముందు తీయాలి.

ఇది ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచేవి దాని చుట్టూ ఉండే చిన్న నట్లు. మధ్యలోది నొక్కిపెట్టిన స్ప్రింగును ఆపి ఉంచుతుంది. స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో కుదించకుండా ఆ నట్టు తీస్తే, స్ప్రింగు తన పైనుండే కప్పుతో సహా ఎగిరి ముఖానికి తగులుతుంది. కంప్రెసర్ కొక్కేలు స్ప్రింగుకు ఎదురెదురుగా పట్టించి, చేతి పానాతో అటు కొంత ఇటు కొంత బిగించాలి. స్ప్రింగు కప్పులో వదులై కదిలేదాకా మధ్య నట్టు జోలికి పోవద్దు. షాక్ అబ్జార్బర్ మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోకండి, దానిమీద పడే గీతే సీలును కోసి ఆయిల్ కార్పిస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: స్ట్రట్‌ను మీరే విప్పి తీయండి, స్ప్రింగు మార్పించడానికి మాత్రం గ్యారేజీకి తీసుకెళ్లండి. స్ప్రింగుతో సహా బిగించి వచ్చే పూర్తి స్ట్రట్ దొరికితే ఆ బాధ కూడా లేదు.

అపోహ: కాసేపటి పనికి జాక్ చాలు.

చాలదు. జాక్ ఎత్తడానికే, స్టాండు మోయడానికి. గట్టి నేల కావాలి, కదలని చక్రాలకు అడ్డు పెట్టాలి. దీనిమీద చర్చ లేదు.

అపోహ: ఏ పార్టు మార్చినా రెండు వైపులా మార్చాల్సిందే.

షాక్ అబ్జార్బర్లకు, స్ప్రింగులకు ఇది నిజమే. ఒకవైపు కొత్తది, ఒకవైపు అలసినది ఉంటే బండి రెండు వైపులా ఒకేలా స్పందించదు. లింక్ రాడ్, బాల్ జాయింట్ లాంటివి లూజైనవైపు మార్చుకుంటే సరిపోతుంది. రెండోవైపు కూడా పరీక్షించడం మాత్రం మానొద్దు. నైలాన్ రింగు ఉన్న నట్లు ఏ వైపు విప్పినా కొత్తవే వేయండి.

అపోహ: పాత గుర్తు మీదే బిగించాను, స్టీరింగ్ కూడా నిటారుగా ఉంది, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) ఎందుకు?

లింక్ రాడ్ ఒక్కటే మార్చితే అక్కర్లేదు. స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర) ముట్టుకుంటే తప్పదు. స్ట్రట్‌ను నకిల్‌కు కలిపే బోల్టుల రంధ్రాల్లో కాస్త ఖాళీ ఉంటుంది, ఆ కాస్త జరిగినా చక్రం వాలు మారిపోతుంది. ఇక స్టీరింగ్ నిటారుగా ఉండటం సాక్ష్యం కానే కాదు. ముందు చక్రాలు రెండూ సమానంగా బయటికి చూస్తున్నా స్టీరింగ్ నిటారుగానే ఉంటుంది. లోపలి అంచు అరిగి టైరులో తీగలు తేలేదాకా మీకు అనుమానమే రాదు.