బరువు వ్యాను, చిన్న పెట్రోలు ఇంజను: ట్రైలర్ లాగుతుందా?

వరి కోతలప్పుడు తణుకు, రావులపాలెం చుట్టుపక్కల ఏ రోడ్డెక్కినా ధాన్యం బస్తాల ట్రక్కుని లాక్కుపోయే ట్రాక్టర్లే కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఉండేది 45 హార్స్ పవర్, అటూ ఇటూగా. అదే మారుతి ఈకో వ్యాను తీసుకోండి, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనే అయినా పవర్ 80 దాకా ఉంటుంది. కాగితం మీద చూస్తే ట్రాక్టర్ కంటే వ్యానే బలమైంది, కానీ ఆ ధాన్యం ట్రక్కుని తీసుకెళ్ళి ఈకోకి తగిలిస్తే క్లచ్ మాడి వాసనొస్తుంది తప్ప బండి కదలడమే కష్టం.

ఎందుకంటే పవర్ అనేది ఎంత బలంగా లాగుతుందో చెప్పే లెక్క కాదండి, ఎంత వేగంగా పని చేస్తుందో చెప్పే లెక్క. చక్రం దగ్గర లాగే బలం టార్క్ నుంచి, అంటే ఇంజను మెలితిప్పే బలం నుంచి వస్తుంది, ఆ టార్క్‌ని గేర్లు ఎన్ని రెట్లు పెంచుతాయన్న దాన్ని బట్టి వస్తుంది. ట్రాక్టర్ గేర్లు దాన్ని విపరీతంగా పెంచేస్తాయి, దానికి బదులు స్పీడు పోతుంది, గంటకి 30 కిలోమీటర్లు దాటడమే గగనం. అందుకే "చిన్న ఇంజను లాగుద్దా?" అని అడిగితే జవాబు రాదు, ఎంత స్పీడులో, ఎంత ఎక్కుడులో, ఎంతసేపు అని కూడా కలిపి అడగాలి.

ఈ ప్రశ్న మన వైపు నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు బాగా అడుగుతుంటారు. అక్కడ పాత ఫోర్డ్ ఈ-సిరీస్ వ్యాన్లు సెకండ్ హ్యాండులో దొరుకుతాయి, కుటుంబమంతా పడతారు, వెనక పడవో క్యాంపింగ్ ట్రైలరో తగిలించుకోవచ్చు, 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) ఉన్నది తక్కువకి వస్తోంది, 5.4 కోసం ఆగాలా అని. ఈ వ్యాన్లు చివరి రోజుల్లో 4.6 ఇంజను 225 హార్స్ పవర్ ఇచ్చేది, 5.4 ఏమో 255. తేడా పెద్దగా లేదనిపిస్తుంది కదా. అసలు తేడా టార్క్ దగ్గర ఉంది: చిన్నదానికి 3,500 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర సుమారు 390 న్యూటన్ మీటర్లు, పెద్దదానికి 2,500 దగ్గరే సుమారు 475. అంటే పెద్దది నింపాదిగా తిరుగుతూ లాగేస్తుంది, చిన్నది అదే పని చేయాలంటే గేరు దింపి గట్టిగా తిరగాలి.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. వ్యాను, మనుషులు, సామాను కలిపి 3 టన్నులు, ట్రైలర్ ఇంకో 2, మొత్తం 5 టన్నులు అనుకుందాం. మంచి తారు రోడ్డు మీద, చదునుగా ఉన్నచోట, 60 స్పీడులో టైర్ల రాపిడినీ గాలినీ తోసుకుని పోవడానికి చక్రాల దగ్గర కావల్సింది పాతిక హార్స్ పవర్, గేర్లలో పోయేది కూడా కలుపుకుంటే ముప్పై. అంతేనండి! 5 టన్నుల బరువుకి ముప్పై.

డెల్టాలో ఉన్న సుఖం ఇదే. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో నేల దిగేది పది పదిహేను మీటర్లు మాత్రమే, కాటన్ దొర కాలవల్లో నీళ్ళు వాటంతటవే ఊరూరా పారాయంటే ఆ సన్నటి వాలు పుణ్యమే. బండికి ఆ వాలు ఉన్నట్టే తెలీదు. మనకి ఎక్కుడంటే ఏటిగట్టు ఎక్కడం, లేకపోతే చించినాడ లాంటి చోట వంతెన ఎక్కడం. 30 మీటర్లకి 1 మీటరు లేచే ర్యాంపు అనుకుంటే, అక్కడ కూడా 60 స్పీడు తగ్గకూడదంటే ముప్పై కాస్తా డెబ్భై అవుతుంది. కానీ స్పీడుని 30కి దింపి గేరు మార్చామనుకోండి, మళ్ళీ ముప్పై హార్స్ పవర్‌తోనే పనైపోతుంది. చదునులో 60 మీద వెళ్ళడానికి ఎంతో, ర్యాంపు మీద 30లో ఎక్కడానికీ అంతే. భీమవరం చెరువుల మధ్య జనరేటర్ ట్రైలర్ లాగే పని అయితే చిన్న ఇంజను బ్రహ్మాండంగా చాలు అని నేను ధైర్యంగా చెప్తాను, కాకపోతే ఆ వ్యానుకి కంపెనీ ఇంత బరువు లాగొచ్చని ఒప్పుకుని ఉండాలి, క్లచ్చు, హిచ్చు (ట్రైలర్ తగిలించే కొక్కెం), బ్రేకులు దానికి సరిపోవాలి.

స్పీడు పెరిగితే మాత్రం కథ మారిపోతుంది, ఎందుకంటే గాలిని చీల్చుకుపోయే పవర్ స్పీడు ఘనాన్ని (క్యూబ్‌ని) బట్టి పెరుగుతుంది, స్పీడు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. అదే 5 టన్నులు చదునులో 100 మీద వెళ్ళాలంటే ఇంజను దగ్గర తొంభై దాకా కావాలి. 6 శాతం కొండ ఎక్కుతూ 100 తగ్గకూడదంటే 220 దగ్గరకి పోతుంది, అంటే ఆ 4.6 ఇంజను తన దగ్గరున్నదంతా ఊడ్చి ఇచ్చేయాలి. ఆ పైన డెన్వర్ పశ్చిమాన కొండ రోడ్డు 3,400 మీటర్ల ఎత్తుకి పోతుంది, అక్కడ గాలి పల్చబడి టర్బో (సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో ఊదే పరికరం) లేని ఇంజనుకి మూడో వంతు దాకా పవర్ పడిపోతుంది. కొండలకి పోయేవాళ్ళు 5.4 కోసం ఆగడమే మంచిది, టెక్సాస్ చదునులో తిరిగేవాళ్ళకి 4.6 సరిపోతుంది.

సముద్రమట్టంలో ఉన్నాం కాబట్టి మనకి ఆ ఎత్తు బాధ లేదు, కానీ ఎండ ఉంది, ఉక్క ఉంది. 25 డిగ్రీల గాలి 45కి వేడెక్కితే దాని చిక్కదనం 6 శాతం తగ్గిపోతుంది, ఉక్కపోత రోజు గాలిలో నీటి ఆవిరి ఇంకో నాలుగు శాతం దాకా చోటు ఆక్రమిస్తుంది, ఆ మేరకి సిలిండర్లోకి పోయే ఆక్సిజన్ తగ్గినట్టే. దానికి తోడు చాలామంది సీఎన్‌జీ మీద నడుపుతారు. గ్యాస్ కూడా గాలి చోటు తీసుకుంటుంది కాబట్టి అదే ఈకో ఇంజను పెట్రోలు మీద 80 ఇస్తే సీఎన్‌జీ మీద 71 చిల్లర ఇస్తుంది. లోడు లాగే రోజు పెట్రోలుకి మార్చుకోవడం మేలు.

ఇక టర్బో. 2015 మోడల్ నుంచి అమెరికాలో ఆ పాత వ్యాన్ల స్థానంలోకి ఫోర్డ్ ట్రాన్సిట్ వచ్చింది, దాంట్లో రెండు టర్బోలున్న 3.5 లీటర్ల ఇంజను 310 హార్స్ పవర్, సుమారు 540 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 2,500 ఆర్పీఎం దగ్గరే. పాత ఈ-సిరీస్‌లో 6.8 లీటర్ల పది సిలిండర్ల ఇంజను కూడా దాదాపు ఇంతే ఇచ్చేది. సగం సైజుతో అంత పని! ఖాళీగా తిరిగేటప్పుడు చిన్న ఇంజనుకి ఇంకో లాభం కూడా ఉంది, పెట్రోలు ఇంజను సగం మూసిన థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్ళే దారిలో ఉండే మూత) గుండా గాలి పీల్చుకోవడానికే కొంత పవర్ పోగొట్టుకుంటుంది, చిన్నదాంట్లో ఆ నష్టం తక్కువ. కానీ లోడు పడి టర్బో గట్టిగా ఊదడం మొదలుపెడితే సిలిండర్లో వేడి పెరిగి నాకింగ్ (పెట్రోలు దానంతటదే అంటుకుని ఇంజను టకటకా కొట్టుకోవడం) వస్తుంది, దాన్ని ఆపడానికి కంప్యూటర్ స్పార్కుని లేటు చేస్తుంది, ఎగ్జాస్టు చల్లబడాలని మామూలుగా 14.7 పాళ్ళ గాలికి పోసే పెట్రోలుని 12 పాళ్ళ గాలికే పోసేస్తుంది. మైలేజీ అక్కడే పోతుంది, ట్రైలర్‌తో పెద్ద ఇంజనుకీ దీనికీ ఖర్చులో పెద్ద తేడా మిగలదు. లాగే పని ఎక్కువైతే నేను మొదట చూసేది రేడియేటర్, గేర్ బాక్స్ ఆయిల్ కూలర్. వేడిని బయటికి పంపలేని ఇంజను ఎన్ని హార్స్ పవర్ ఉన్నా అరగంటకి మించి వాటిని ఇవ్వలేదు.

దిగేటప్పుడు ఇంకో సంగతి. మారేడుమిల్లి ఘాట్ దిగుతూ కాలు తీసేస్తే పెట్రోలు ఇంజను మూసుకున్న థ్రాటిల్ వెనక గాలి పీల్చలేక బండిని పట్టి ఉంచుతుంది, ఆ పట్టు లీటర్లని బట్టి ఉంటుంది. అప్పుడు టర్బో ఊదదు, కాబట్టి ఎక్కేటప్పుడు 6.8 లాగా లాగిన 3.5 ఇంజను దిగేటప్పుడు 3.5 లాగే పట్టుకుంటుంది. అందుకని చిన్న టర్బో వ్యానుకి ట్రైలర్ ఉంటే ఘాట్ మొదలవ్వకముందే కింది గేరులోకి రావాలి, ట్రైలర్‌కి దాని బ్రేకులు దానికి ఉండాలి.